మదర్‌బోర్డు కోసం ఒక మండలం

మా ఆయన ఏటా వేసుకునే అయ్యప్ప మాల నలభై ఒక్క రోజులు. నా కంప్యూటర్‌లో భాగాలన్నీ బిగించే పలక, అదే మదర్‌బోర్డు, దాని వ్యవహారం కూడా లెక్కపెడితే సరిగ్గా అంతే తేలింది: 2024 జూన్ 10 సోమవారం ఉదయం నుంచి జులై 20 శనివారం రాత్రి దాకా. మాల లేదు కానీ నేల మీద పడక మాత్రం నాకూ తప్పలేదు, దుకాణంలో, కంప్యూటర్ పక్కన చాప వేసుకుని. చవక బోర్డు కొనేవాళ్లకు నా తిరుగుడులో కొంతైనా తప్పుతుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నల్లగొండలో మాది చిన్న డీటీపీ, జిరాక్స్ దుకాణం. రెండు కంప్యూటర్లు. ఒకదాని ముందు నేను కూర్చుని పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పెళ్లి పత్రికలు, కరపత్రాలు, ప్రశ్నపత్రాలు చేస్తాను. రెండోదాని ముందు మా దగ్గర పనిచేసే అమ్మాయి ఆన్‌లైన్ దరఖాస్తులు నింపుతుంది. జూన్ వచ్చిందంటే బడులు తెరుస్తారు, డిగ్రీ సీట్లకు ఆన్‌లైన్‌లో దోస్త్ విడతలు నడుస్తుంటాయి, ఆదాయ ధ్రువపత్రాల కోసం జనం మెట్ల దాకా నిలబడతారు. ఏడాదిలో నాలుగు రూపాయలు కనిపించేది అప్పుడే. సరిగ్గా అప్పుడే నా కంప్యూటర్ ఫ్యాను మూడు సెకన్లు తిరిగి ఆగింది. మళ్లీ మూడు సెకన్లు తిరిగింది, మళ్లీ ఆగింది. తెర మీద నలుపు తప్ప ఏమీ లేదు.

ఆ బోర్డు చరిత్ర కొంచెం చెప్పాలి. మూడో తరం ఐ5 ప్రాసెసర్ ఒకటి పాతది మంచిది ఉంది కదా అని 2021లో దానికి సరిపోయే హెచ్61 బోర్డు 2,700 రూపాయలకు కొన్నాను. హెచ్61 అంటే బోర్డు మీది చిప్‌సెట్ పేరు, అంటే ప్రాసెసర్‌ను మిగతా భాగాలతో కలిపే చిప్పు. అది 2011 నాటిది. పెద్ద కంపెనీలు ఎప్పుడో వదిలేశాయి, చిన్న బ్రాండ్లు మాత్రం దానితో బోర్డులు చేసి కొత్త పెట్టెల్లో అమ్ముతూనే ఉన్నాయి. పెట్టె కొత్తదైతే లోపల ఉన్నదీ కొత్త సరుకే అనుకున్నాను. ఏడాది వారంటీలో ఒకసారి చచ్చిపోతే మార్చి ఇచ్చారు. ఇప్పుడు చచ్చింది ఆ మార్చి ఇచ్చినది.

మా ఊళ్లో కంప్యూటర్లు బాగుచేసే తమ్ముడు మధ్యాహ్నానికి వచ్చాడు. ర్యామ్ తీసి దాని బంగారు అంచును రబ్బరుతో రుద్దాడు. గుండ్రటి బ్యాటరీ మార్చాడు. కంప్యూటర్‌కు కరెంటు అందించే డబ్బా, అదే ఎస్ఎంపీఎస్, దాన్ని విడిగా నడిపి మల్టీమీటర్ పెట్టాడు. చివరికి టార్చి వేసి, "ఇటు చూడండి అక్కా" అన్నాడు. ర్యామ్ స్లాట్ల పక్కన రెండు కెపాసిటర్లు, అంటే కరెంటును నిలకడగా ఉంచే చిన్న డబ్బాలు, నూనెలో వేసిన పూరీల్లా పైకి ఉబ్బి ఉన్నాయి. నేను గమనించినది ఇంకొకటుంది. ప్రాసెసర్ చుట్టూ ఉన్నవన్నీ ఉబ్బని సాలిడ్ రకం. కొద్ది దూరం పోగానే తల మీద గీతలుండే పాత రకం మొదలైంది. ఫోటోలో కనపడేచోట పట్టు చీర, వెనకాల నేత చీర.

ఆ రెండూ మార్చడానికి 400 అడిగాడు. పాత బోర్డు నుంచి ఊడదీసిన కెపాసిటర్లే వేశాడని తర్వాత తెలిసింది. జూన్ 12న కంప్యూటర్ లేచింది. లోకంలో నాకన్నా తెలివైనవాళ్లు లేరనిపించింది. 20వ తేదీ గురువారం, ఒక బడి వాళ్ల ప్రశ్నపత్రం పన్నెండో పేజీలో ఉండగా మళ్లీ ఆరిపోయింది. ఈసారి కాలిన వాసన కూడా వచ్చింది.

"ఇంకో హెచ్61 వేస్తే 2,500లో అయిపోతుంది" అన్నాడు తమ్ముడు. ఆ మాట వినగానే ఒంటికి కారం రాసుకున్నట్టయింది. మూడేళ్లలో రెండు బోర్డులు. పైగా ఆ బోర్డులో నెట్ పోర్టు వంద ఎంబీపీఎస్‌కు మించి పోదని, ఫైబర్‌కు 200 ఎంబీపీఎస్ వేగానికి డబ్బు కడుతూ నాకు 94 మాత్రమే వస్తోందని ఆ వారమే తెలిసింది. నెట్ కంపెనీ అబ్బాయిని ఏడాదిగా అనవసరంగా తిట్టాను.

ప్రాసెసర్, ర్యామ్‌తో సహా కొత్త తరానికి మారాలని నిర్ణయించుకున్నాను. పన్నెండో తరం ఐ3, దానికి హెచ్610 బోర్డు. పదమూడు, పద్నాలుగో తరాలకు కొన్ని బోర్డుల్లో ముందు బయోస్ (బోర్డును లేపే లోపలి ప్రోగ్రాం) మార్చాలి, ఆ తలనొప్పి మనకెందుకు అన్నాడు తమ్ముడు. తనకు పని వదిలి రావడం కుదరలేదు కానీ ఒక కాగితం మీద నాలుగు మాటలు రాసిచ్చాడు. మొదటిది చదివి నవ్వొచ్చింది: "స్క్రూ రంధ్రాలు లెక్కపెట్టండి."

జూన్ 22 శనివారం ఉదయం ఆరున్నరకు హైదరాబాద్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. మహాలక్ష్మి పథకం పుణ్యమా అని ఆడవాళ్లకు జీరో టికెట్. ఈ మొత్తం కథలో నాకు పైసా ఖర్చు లేనిది అదొక్కటే. ఎంజీబీఎస్‌లో దిగి పరేడ్ గ్రౌండ్ దాకా మెట్రో, అక్కడి నుంచి ఆటోలో సికింద్రాబాద్ పార్క్‌లేన్. కంప్యూటర్ సామాన్ల దుకాణాలుండే సీటీసీ భవనం మెట్లెక్కేసరికి పదకొండు కావస్తోంది, షట్టర్లు ఇంకా ఒక్కొక్కటే లేస్తున్నాయి.

మొదటి దుకాణంలో కుర్రాడు తల ఎత్తకుండానే చెప్పాడు: "హెచ్610 అన్నీ ఒకటే మేడం, చిప్‌సెట్ ఒకటే కదా." పెట్టె తెరిచి చూపించమంటే కొంటేనే తెరుస్తామన్నాడు. రెండో దుకాణంలో 5,900కు ఒక పెట్టె పెట్టారు. ధర బాగుందని సంచిలో వేయబోతుంటే కాగితంలోని రెండో మాట గుర్తొచ్చింది: పేరు చివర డీ4 ఉందో లేదో చూడు. లేదు. అది డీడీఆర్5 బోర్డు. నేను కొనాలనుకున్న డీడీఆర్4 ర్యామ్ అందులో దూరదు, గాడి వేరేచోట ఉంటుంది. ఒక అక్షరం, ఒక అంకె. అవి చూడకపోతే ఆ రోజే రెండో ప్రయాణం ఖాయమయ్యేది.

మూడో దుకాణం పెద్దాయన కాస్త నెమ్మదస్తుడు. మూడు పేరున్న కంపెనీల బోర్డులు మూడు తెరిచి గాజు బల్ల మీద పరిచాడు. పక్కపక్కన పెడితే గాని తెలియలేదు, "అన్నీ ఒకటే" అన్న మాట ఎంత అబద్ధమో. చిప్‌సెట్ ఒకటే నిజమే. దాని చుట్టూ ఎంత ఖర్చు పెట్టాలన్నది మాత్రం చేసినవాళ్ల ఇష్టం.

ముందు రంధ్రాలు. పూర్తి వెడల్పు మైక్రో ఏటీఎక్స్ బోర్డు 24.4 సెంటీమీటర్లు ఉంటుంది, ఎనిమిది స్క్రూలు పడతాయి. చవక బోర్డులను మూడు నాలుగు సెంటీమీటర్లు కోసేస్తారు. అప్పుడు స్క్రూలు ఆరే. ర్యామ్, పెద్ద కరెంటు ప్లగ్గు ఉండే కుడి అంచు కింద ఆధారం లేక గాలిలో వేలాడుతుంది. ఆ ప్లగ్గును గట్టిగా నొక్కినప్పుడల్లా బోర్డు వంగుతుంది. నా ముందున్న మూడింటిలో రెండు ఆరు రంధ్రాలవి.

తర్వాత ప్రాసెసర్ పక్కన కరెంటును తగ్గించి పంపే భాగం. బూడిదరంగు చదరపు దిమ్మలు వరసగా ఉంటాయి, వాటిని లెక్కపెట్టమని తమ్ముడు రాశాడు. ఒక పెట్టె మీద రాసిన లెక్కకు, నేను వేలితో పెట్టిన లెక్కకు పొంతన కుదరలేదు. పెద్దాయన కూడా లెక్కపెట్టి నవ్వేసి ఊరుకున్నాడు. ఒకదానికి ఆ భాగం మీద వేడిని లాగే అల్యూమినియం దిమ్మ, అదే హీట్‌సింక్, ఉంది, మిగతా రెంటికి లేదు. నేను తీసుకునే ఐ3 ఎంత గట్టిగా పనిచేసినా 89 వాట్లే, హీట్‌సింక్ లేకపోయినా నడుస్తుంది. రేపు 117 వాట్ల ఐ5 వేయాలనిపిస్తే? పైగా మే నెలలో నల్లగొండ రేకుల కప్పు కింద దుకాణం ఎలా ఉంటుందో ఆ చిప్‌సెట్ చేసినవాళ్లకు ఏం తెలుసు?

ఎనిమిది రంధ్రాలూ, హీట్‌సింకూ రెండూ ఉన్న బోర్డు 6,650. మిగతా వాటికన్నా ఆరేడు వందలు ఎక్కువ. వెనక పాత వీజీఏ పోర్టు ఉందని చూసి ఊపిరి పీల్చుకున్నాను, నా మానిటర్‌కు అదొక్కటే దారి. మొదటి నుంచీ నాకున్న ఈ ఆందోళన ఎవరికీ పట్టలేదు.

ఐ3కి 9,700, ఎనిమిది జీబీ ర్యామ్‌లు రెండింటికి 3,500. ఎస్ఎంపీఎస్ కూడా కొనక తప్పలేదు. కొత్త బోర్డులో ప్రాసెసర్ కరెంటుకు ఎనిమిది పిన్నుల చోటు ఉంది, క్యాబినెట్‌తో వచ్చిన నా పాతదానికి నాలుగు పిన్నుల తీగే ఉంది. నాలుగుతోనూ ఐ3 లేస్తుందట. కానీ పెద్దాయన ఒక మంచి 450 వాట్ల ఎస్ఎంపీఎస్‌ను నా చేతిలో పెట్టి, "దీని బరువు చూడమ్మా, మీ ఇంట్లో ఉన్నదాని బరువు గుర్తు తెచ్చుకో" అన్నాడు. నాది ఖాళీ టిఫిన్ డబ్బాలా ఉంటుంది. 2,750 ఇచ్చాను.

బిల్లు లేకుండా అయితే 500 తగ్గిస్తానన్నాడు. నెమ్మదస్తులు కూడా వ్యాపారస్తులే. బోర్డు సీరియల్ నంబరు రాసిన జీఎస్టీ బిల్లే కావాలన్నాను. అక్కడే నిలబడి ప్రాసెసర్ కూర్చునే సాకెట్ నల్ల మూత తీయించి, 1,700 పిన్నులకు ఫోను టార్చి వేసి నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీశాను. వెనకున్న కుర్రాళ్లు, "మేడం పెళ్లిచూపులు చూస్తున్నారు" అన్నారు. అననివ్వండి. ఆ నాలుగు ఫోటోలే తర్వాత నన్ను కాపాడాయి.

ఆదివారం తమ్ముడు బిగించాడు. నేను చూసి భయపడింది ప్రాసెసర్‌ను చల్లబరిచే కూలర్ నాలుగు కాళ్లను నొక్కే క్షణం. అంత మందం బోర్డు విల్లులా వంగింది. ఎనిమిది స్క్రూల విలువ అక్కడ తెలిసింది. సాయంత్రానికి విండోస్ 10, పేజ్‌మేకర్, అను ఫాంట్లు అన్నీ ఎక్కాయి. పాత కంప్యూటర్‌లో నిమిషం పట్టే ఫైలు రెప్పపాటులో తెరుచుకుంది. సోమ, మంగళవారాలు రాజ్యమేలాను.

26వ తేదీ బుధవారం, ఫోటోషాప్‌లో పెద్ద ఫ్లెక్సీ ఫైలు తెరిచి ఉండగా నీలం తెర వచ్చి దానంతట అదే మళ్లీ మొదలైంది. గురువారం రెండుసార్లు. నేను తప్పు ఎవరి మీద వేశానో వరసగా చెబుతాను: ముందు ఫోటోషాప్ మీద, తర్వాత ప్రింటర్ డ్రైవర్ మీద, తర్వాత విండోస్ మీద. గురువారం రాత్రి విండోస్ మొత్తం తుడిచి మళ్లీ వేశాను. ఆరు గంటలు పోయాయి. కొత్త బోర్డు మీద అనుమానం రాలేదు, ఎందుకంటే దాన్ని స్వయంగా రంధ్రాలు లెక్కపెట్టి ఎంచుకున్నాను కదా!

శుక్రవారం రాత్రి తమ్ముడు ఫోన్లో మెమ్‌టెస్ట్86 అనేదాన్ని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించడం చెప్పాడు. విండోస్ కన్నా ముందే లేచి ర్యామ్‌ను గడి గడికీ రాసి చదివి చూసుకుంటుంది. ఉచితంగా దొరికే దానిలో నాలుగు విడతలు నడుస్తాయి. చాప వేసుకుని చూస్తూ పడుకున్నాను. నలభై నిమిషాలకు ఎర్ర గీతలు మొదలయ్యాయి. తెల్లారి లేచేసరికి తెర నిండా ఎరుపే.

శనివారం అంతా వంతులు. మొదటి స్లాటులో మొదటి ర్యామ్: శుభ్రం. అదే స్లాటులో రెండో ర్యామ్: శుభ్రం. రెండో స్లాటులో ఏది పెట్టినా ఎరుపు. తమ్ముడు వచ్చి కూలర్ బిగింపు ఒకవైపు ఎక్కువైనా ఇలా చేస్తుందని మొత్తం విప్పి, ప్రాసెసర్ తీసి పెట్టి, సమంగా బిగించాడు. మార్పు లేదు. సాయంత్రం ఆరింటికి తేలింది: ర్యామ్‌లు రెండూ మంచివే, బోర్డులో రెండో స్లాటు దారి చెడింది.

అప్పుడు బిల్లు తిప్పి చూశాను. ఏడు రోజుల్లో అయితే దుకాణమే మార్చి ఇస్తుంది. శనివారం ఏడో రోజు. బస్సెక్కితే తొమ్మిదిన్నర. ఆదివారం వాళ్లకు సెలవు.

ఆ రాత్రి కూర్చుని ఆలోచిస్తే నా పొరపాటు ఎక్కడుందో తెలిసింది. ఈ రకం బోర్డు మంచిదా అన్నది ఒక ప్రశ్న, దానికి కళ్లతో, వేళ్లతో జవాబు దొరుకుతుంది. నా చేతికొచ్చిన ఈ ఒక్క బోర్డు మంచిదా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు రెండు రాత్రులు దాన్ని చావబాదితే తప్ప రాదు. నేను మొదటి ప్రశ్నకు రోజంతా తిరిగి, రెండోదాన్ని అడగనే లేదు. 23వ తేదీ రాత్రే ఆ పెన్‌డ్రైవ్ పెట్టి ఉంటే 24న సికింద్రాబాద్ వెళ్లి కొత్తది చేతిలో పట్టుకుని సాయంత్రానికి వచ్చేదాన్ని.

ఇంట్లో ఇంకో చర్చ. "ఒక స్లాటు పనిచేస్తోంది కదా, ఎనిమిది జీబీతో నడిపించు, ఈ గిరాకీ అయ్యాక ఇద్దాం" అన్నారు మా ఆయన. మాటలో న్యాయం ఉంది. కానీ ఈరోజు ఒక స్లాటు పోయిన బోర్డు రేపు ఏం చేస్తుందో ఎవరు చెప్పగలరు? సగం అయిన ప్రశ్నపత్రం పోయిన రోజు గుర్తొచ్చింది. తమ్ముడి దగ్గర ఒక పాత కంప్యూటర్ రోజుకు 100 అద్దెకు మాట్లాడుకుని, జులై 1 సోమవారం బోర్డు తీసుకుని బయల్దేరాను.

దుకాణం పెద్దాయన తేదీలు వేళ్ల మీద లెక్కపెట్టి, "తొమ్మిది రోజులైంది తల్లీ, ఇక సర్వీస్ సెంటరే" అన్నాడు. ఆదివారాన్ని తీసేయమని అడిగాను. ఫ్యాను కింద కూర్చోబెట్టి టీ ఇప్పించాడు కానీ ఆదివారాన్ని మాత్రం తీసేయలేదు.

సర్వీస్ సెంటర్‌లో నా టోకెన్ 31. అప్పుడు పిలుస్తున్నది 9. రెండు గంటల పది నిమిషాలు. నా ముందు ఒకాయన ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్ నుంచి అట్టపెట్టెలో నాలుగు బోర్డులు తెచ్చాడు. ఆయనను పంపించేశారు, సాకెట్ల మీద నల్ల మూతలు లేవని. మూత లేకుండా పంపితే దారిలో పిన్నులు వంగుతాయట, అందుకని అసలు తీసుకోరు. నాకు చెమట పట్టింది. బిగించిన రోజు తమ్ముడు ఆ మూతను చెత్తబుట్టలో వేశాడు. ఏదైనా పారేయాలంటే నాకు చేతులు రావు కాబట్టి తీసి పెట్టెలో పడేశాను, అంతకు మించి తెలివితేటలేమీ లేవు.

నా వంతు వచ్చాక కౌంటర్‌లో అమ్మాయి భూతద్దం తీసి పిన్నులే ముందు చూసింది. ఒక్క పిన్ను వంగినా ర్యామ్ దారి పోతుందట, అది వారంటీలోకి రాదు. ఒక మూల చాలాసేపు ఆగింది. "ఇక్కడ కొంచెం తేడా ఉన్నట్టుంది మేడం." గుండె ఆగినంత పనైంది. ఫోను తీసి కొన్న రోజు ఫోటోలు, తేదీతో సహా చూపించాను. ఫోటో పెద్దది చేసి, బోర్డు చూసి, మళ్లీ ఫోటో చూసి, "దుమ్ము" అని ఊదేసింది. నేను ఇంటి నుంచి మోసుకొచ్చిన ధూళి కణం ఒకటి నన్ను ఆరున్నర వేల దగ్గర నిలబెట్టింది.

రశీదు రాస్తూ మామూలుగా అడిగింది: "మీ దగ్గర ఎర్తింగ్ సరిగ్గా ఉందా?" "ఉంది" అన్నాను, ఏమాత్రం తడుముకోకుండా. పన్నెండు రోజులు పడుతుందని చెప్పి పంపింది. తిరుగు బస్సులో చౌటుప్పల్ దాటాక ఆ ప్రశ్న మళ్లీ గుర్తొచ్చింది. ఉందని నాకెవరు చెప్పారు?

పన్నెండు రోజులన్నది పదిహేడయింది. 13న ఫోన్ చేస్తే బోర్డు ఇంకా రాలేదన్నారు. 15న మళ్లీ అదే మాట. అద్దె కంప్యూటర్ మీద ఫ్లెక్సీ ఫైలు తెరిస్తే ఈలోగా అన్నం వండుకుని తినొచ్చు. గట్టిగా ఉన్న పనులు రెండు పక్క దుకాణానికి వెళ్లిపోయాయి, ఆ డబ్బు లెక్క నేను వేయలేదు, వేస్తే నిద్ర పట్టదు.

ఆ మధ్యలో ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాను. మల్టీమీటర్‌ను మూడు రంధ్రాల ప్లగ్గులో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య పెట్టాడు. రెండు మూడు వోల్టులకు మించి ఉండకూడదట. 41 చూపించింది. వెనక పలక విప్పితే ఎర్త్ తీగ గోడలోకి రెండడుగులు పోయి అక్కడితో ఆగింది, దేనికీ కలపలేదు. చెప్పులు లేకుండా క్యాబినెట్ ముట్టుకుంటే చీమ కుట్టినట్టు ఉండటం మాకు ఎన్నేళ్లుగానో మామూలే, కంప్యూటర్ అంటే అలాగే ఉంటుందనుకున్నాం. దుకాణం వెనక గొయ్యి తవ్వి, పైపు దించి, బొగ్గు, ఉప్పు వేసి పూడ్చాడు. 2,800. మీటరు రెండుకు దిగింది. పాత బోర్డులు రెండూ చచ్చింది వాటి చవకదనం వల్లా, నా గోడ వల్లా, ఆ ఖాళీ డబ్బా ఎస్ఎంపీఎస్ వల్లా? పోస్టుమార్టం చేసేవాళ్లు లేరు. మూడేళ్లుగా ఆ బ్రాండును కనిపించినవాళ్లందరి దగ్గరా తిట్టినదాన్ని, అప్పటి నుంచి కొంచెం గొంతు తగ్గించాను.

తొలి ఏకాదశి ముందురోజు సాయంత్రం మెసేజి వచ్చింది. పండగ సెలవు పోనిచ్చి 18వ తేదీ గురువారం వెళ్లాను. లష్కర్ బోనాలకు వీధుల్లో తోరణాలు కడుతున్నారు.

నాకిచ్చింది కొత్త పెట్టె కాదు. అసలు పెట్టే లేదు. వెండిరంగు సంచిలో ఒక బోర్డు, మీద వేరే సీరియల్ నంబరు. నా బోర్డు బాగుచేసి ఇవ్వలేదు, ఎక్కడో బాగుచేసిన ఇంకొకటి ఇచ్చారు. పద్ధతి అదేనట. వారంటీ మళ్లీ మూడేళ్లు మొదలవుతుందని ఆశపడ్డాను, లేదు, నేను కొన్న తేదీ నుంచే లెక్క. కొత్త సీరియల్ నంబరును పాత బిల్లుకు జోడిస్తూ ముద్ర వేసిన కాగితం అడిగి తీసుకున్నాను. అడగకపోతే ఇచ్చేవాళ్లు కాదు. సంతకం పెట్టేముందు మూత తీసి మళ్లీ పిన్నులు చూశాను, ఫోటోలు తీశాను. "అందరూ ఇలా చూస్తే మాకు రాత్రి అవుతుంది మేడం" అంది ఆ అమ్మాయి, నవ్వుతూనే.

ఈసారి విండోస్ జోలికే పోలేదు. ఆ రాత్రే బిగించి ముందు పెన్‌డ్రైవ్ పెట్టాం. రెండు స్లాట్లలో రెండు ర్యామ్‌లు, నాలుగు విడతలు. తెల్లారి తెర మీద తప్పులు సున్నా. ఆ సున్నాను ఫోటో తీసుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం, రేకులు బాగా కాగాక, వేడి పరీక్ష. ప్రైమ్95 నడిపితే ప్రాసెసర్ ఊపిరాడకుండా పనిచేస్తుంది. ప్రాసెసర్ వేడి తెర మీద కనిపిస్తుంది కానీ కరెంటు భాగం వేడి చూపించే ఏర్పాటు ఈ ధర బోర్డులో లేదు. కరోనా కాలంలో కొన్న జ్వరం తుపాకీ గుర్తొచ్చి హీట్‌సింక్ మీద గురిపెట్టాను. "హెచ్ఐ" అని చూపించి ఊరుకుంది, దాని దృష్టిలో రోగి చనిపోయాడు. బటన్ నొక్కి వస్తువుల వేడి చూసే పద్ధతికి మారిస్తే 52 అంది. నేను సంబరపడుతుంటే తమ్ముడు, మెరిసే లోహం మీద ఆ తుపాకీ తక్కువ చెబుతుందని, నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి మళ్లీ కొట్టమన్నాడు. 78. అరగంట తర్వాత కూడా 78. అక్కడే ఆగింది కాబట్టి పరవాలేదన్నాడు. హీట్‌సింక్ లేని బోర్డు తీసుకుని ఉంటే ఆ అంకె ఎంత ఉండేదో ఊహించుకోవడం మానేశాను.

శనివారం పగలంతా పని చేసి, రాత్రి మరోసారి మెమ్‌టెస్ట్ నడిపాను. మళ్లీ సున్నా. చాప చుట్టేశాను.

లెక్క రాసుకున్నాను. సామాన్లు 22,600. కెపాసిటర్లకు 400, గొయ్యికి 2,800, అద్దె కంప్యూటర్‌కు పదిహేడు రోజులకు 1,700, మూడు ప్రయాణాల్లో మెట్రో, ఆటో, భోజనం కలిపి 900. మొత్తం 28,400. మొదట్లో తమ్ముడు చెప్పిన 2,500కు, దీనికి మధ్య తేడా మా ఆయన ఇప్పటికీ అప్పుడప్పుడూ పైకే లెక్కిస్తుంటారు.

శ్రావణం ముహూర్తాల పత్రికలు మొదలయ్యాయి, రెండు స్లాట్లూ నిండుగా పనిచేస్తున్నాయి. దుకాణం ఇచ్చిన బిల్లు వేడితో అచ్చు పడే థర్మల్ కాగితం, కొన్నాళ్లకు తెల్లబడిపోయే రకం. చేతిలో జిరాక్స్ మిషను ఉండి కూడా ఆ సంగతి నాకు ఆలస్యంగా తట్టింది. మూడు కాపీలు తీశాను. ఒకటి బీరువాలో, నా గొలుసు రశీదు ఉన్న కవరులో ఉంది, పైన పెన్నుతో 2027 జూన్ 21 అని రాసి. నల్ల మూత కూడా అందులోనే వేశాను. మొన్న మా అత్తయ్య గొలుసు రశీదు కోసం కవరు తీసి, ఇదేమిటి, అగ్గిపెట్టె మూతలా ఉంది, పారేయనా అని అడిగారు. వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చాను.